మేత లెక్క తెలిసినవారికి దీవుల్లో పని

అండమాన్‌లో మేత బస్తా చెరువు గట్టు చేరాలంటే ముందు సముద్రం దాటాలి. చెన్నై నుంచో, విశాఖ నుంచో, కోల్‌కతా నుంచో ఓడెక్కి మూడు నాలుగు రోజులకు పోర్ట్‌బ్లెయిర్‌ రేవులో దిగుతుంది. 2024 సెప్టెంబరులో ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు కానీ మనవాళ్ల నోట ఇంకా పాత పేరే ఉంది. విశాఖ నుంచి దూరం 1,200 కిలోమీటర్లకు అటూఇటూగా ఉంటుంది. అక్కడి నుంచి రంగత్‌కో, మాయాబందర్‌కో, డిగ్లిపూర్‌కో చేరాలంటే మళ్లీ లారీ, మధ్యలో ఫెర్రీ. ఎత్తుడు కూలి, దింపుడు కూలి, తేమకు పాడయ్యే బస్తాలు అన్నీ కలిపి చూసుకుంటే, కైకలూరు రైతుకు పడే ధర దీవి రైతుకు కల్లో మాట.

మన గోదావరి, కృష్ణా జిల్లాల చెరువుల్లోనే మొత్తం ఖర్చులో సగానికి పైగా మేతకు పోతుంది. దీవుల్లో ఆ భారం ఇంకా ఎక్కువ. అందుకే అదే మేత తిని ఎక్కువ కండ పట్టే చేప జాతి దొరికితే దాని విలువ అందరికంటే ముందు తెలిసేది దీవుల రైతుకే. అలాంటి జాతిని తయారుచేసే పనిలో శాస్త్రవేత్తలతో పాటు రోజూ చెరువు దగ్గర నిలబడి తూకం వేసే మనుషులు కావాలి. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి అండమాన్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పిల్లలకు, ఇక్కడి హ్యాచరీల్లో పనిచేస్తూ దీవులకు వెళ్దామా అని ఆలోచిస్తున్నవారికి ఈ నాలుగు మాటలు.

పని ఎక్కడుందో ముందు చెబుతాను. పోర్ట్‌బ్లెయిర్‌ పక్కన గారాచర్మలో భారత వ్యవసాయ పరిశోధన మండలి వారి కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ ఉంది. సియారి అంటారు. మంచినీటి చేపల పెంపకం, వరి, పశువులు, చేపలు కలిపి చేసే సమీకృత సాగు వంటివి దాని పరిధిలోవి. కృషి విజ్ఞాన కేంద్రాలు, మత్స్యశాఖ వేరే ఉన్నాయి. దక్షిణ అండమాన్‌లోని కోడియాఘాట్‌లో సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ ఎంపెడా ఆధ్వర్యంలోని రాజీవ్‌ గాంధీ ఆక్వాకల్చర్‌ కేంద్రం టైగర్‌ రొయ్యను తరతరాలుగా హ్యాచరీలోనే పెంచి, రోగాలు లేని తల్లి రొయ్యల జాతిగా స్థిరపరిచే పని చేపట్టింది. తొంభైల నడుమ తెల్లమచ్చ రోగం మన కోస్తా టైగర్‌ చెరువులను ఎలా ఊడ్చిపెట్టిందో చూసినవారికి ఈ పని ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. 2024 జూలై కేంద్ర బడ్జెట్‌లో తల్లి రొయ్యల కోసం న్యూక్లియస్‌ బ్రీడింగ్‌ కేంద్రాల వరుసను ఏర్పాటు చేయడానికి ఆర్థిక సాయం ప్రకటించారు. అంటే ఈ రంగంలో చేతిపని తెలిసినవారి అవసరం ముందుముందు పెరిగేదే.

ఇలా మేలు జాతిని తయారుచేసే ఎంపిక పెంపకం అంటే ఏమిటో శీలావతి (రోహు) కథతో చెప్పుకోవడం మనకు సులువు. భువనేశ్వర్‌ దగ్గర కౌశల్యగంగలోని కేంద్ర మంచినీటి ఆక్వాకల్చర్ సంస్థ (సిఫా) 1992లో నార్వే సంస్థ అక్వాఫోర్స్క్‌తో కలిసి రోహు మీద ఈ పని మొదలుపెట్టింది. గంగ, యమున, గోమతి, సట్లెజ్‌, బ్రహ్మపుత్ర నదుల నుంచి చేపలు తెచ్చి, తమ క్షేత్రంలోని జాతిని కూడా కలిపి పునాది వేశారు. ఆ బృందంలో ముందు నిలిచిన శాస్త్రవేత్తల్లో పి.వి.జి.కె. రెడ్డి ఒకరు. ఒక్కో తల్లిదండ్రుల జత పిల్లల్ని వేరే వేరే నర్సరీ చెరువుల్లో పెంచి, కాస్త సైజు రాగానే ఒక్కో చేప ఒంట్లో బియ్యపు గింజంత పిట్‌ ట్యాగ్‌ పెట్టి, అప్పుడు అన్నింటినీ ఒకే చెరువులో కలిపారు. పెరిగాక ఏ కుటుంబం ముందుందో చూసి, ఆ కుటుంబాల నుంచి మేలైనవాటిని తర్వాతి తరానికి తల్లి చేపలుగా తీశారు. స్వాతంత్ర్య స్వర్ణోత్సవ ఏడాది 1997లో ‘జయంతి’ పేరుతో విడుదలైన రోహు అదే. పెరుగుదలలో తరానికి సగటున సుమారు 17 శాతం మెరుగుదల వచ్చింది. మన రాష్ట్రపు చెరువుల్లోకీ అది చేరింది.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. ఇంటర్వ్యూలో అడిగినా అడగకపోయినా పనిలో ప్రతిరోజూ ఇది ఎదురవుతుంది. జయంతిని ఎంచింది పెరుగుదల చూసి. తొందరగా పెరిగే ప్రతి చేపా మేత ఆదా చేసే చేప అవ్వాలని లేదు. ఎక్కువ తిని ఎక్కువ పెరిగిన చేపా ఉంటుంది, మిగతావాటంతే తిని ఎక్కువ పెరిగిన చేపా ఉంటుంది. కాటా మీద రెండూ ఒకేలా తూగుతాయి. మొత్తం మీద పెరుగుదల కోసం ఎంపిక చేస్తూ పోతే మేత ఆదా కొంత దాని వెంటే వస్తుందని నార్వే సాల్మన్‌ చూపించింది. 1970ల మొదట్లో 40 నదుల చేపలతో మొదలైన ఆ కార్యక్రమంలో, ఐదు తరాల ఎంపిక తర్వాత పుట్టిన చేపల్ని అడవి చేపల పిల్లలతో పక్కపక్కన పెంచి చూశారు. బరువు రెట్టింపుకు మించి పెరిగింది, కిలో బరువుకు పట్టిన మేత దాదాపు 20 శాతం తగ్గింది. అయితే ఎంత వెంట వస్తుందనేది జాతిని బట్టి, మేతను బట్టి మారుతుంది. నేరుగా మేత ఆదా కోసమే ఎంపిక చేయాలంటే ఒక్కో చేప ఎంత తిన్నదో తెలియాలి. చిక్కంతా అక్కడే ఉంది. గేదెకైతే కుడితి తొట్టి వేరే పెట్టగలం. చెరువులో వేల చేపలు ఒకే గింజ కోసం ఎగబడతాయి, ఏది ఎన్ని మింగిందో ఎవరు చెప్పగలరు?

దీనికి శాస్త్రవేత్తలు పట్టిన దారులు రకరకాలు. మేతలో సన్నటి గాజు పూసలు కలిపి తినిపించి, మత్తు ఇచ్చి, ఎక్స్‌రే తీసి పొట్టలోని పూసలు లెక్కపెట్టడం ఒకటి. అయితే ఒక పూట తిండి మరో పూట తిండిలా ఉండదు కాబట్టి అదే చేపకు అదే పరీక్ష మళ్లీ మళ్లీ చేయాలి. ఒక్కో చేపను చిన్న తొట్టిలో ఒంటరిగా పెట్టి కొలిచి మేత వేయడం ఇంకొకటి. గుంపులో తిరిగే చేప ఒంటరిగా ఉంటే తీరు మారిపోతుందన్న అనుమానం దానితో ఉంటుంది. కుటుంబానికో తొట్టి పెట్టి, తొట్టి మొత్తం మేతను కొలవడం అందరికీ అందుబాటులో ఉన్న పద్ధతి. కొవ్వు తక్కువ పట్టే చేప మేతను బాగా వాడుకుంటుందన్న ఆధారంతో ఒంట్లో కొవ్వును కొలిచి ఎంపిక చేసేవారూ ఉన్నారు. ఈ దారుల్లో ఏది తీసుకున్నా మేత వేసినవాడి లెక్క తప్పితే పై చదువులన్నీ కలిసినా దాన్ని సరిచేయలేవు. తొట్టి అడుగున మిగిలిన గింజల్ని తీసి, ఆరబెట్టి, తూచి రాసే మనిషి మీద ఆధారపడిన పని ఇది.

కనుక మీరు మొదట నేర్వాల్సింది ఎఫ్‌సీఆర్‌ను, అంటే కిలో బరువు పెరగడానికి ఎన్ని కిలోల మేత పట్టిందన్న లెక్కను, తప్పు లేకుండా కట్టడం. మన చెరువుల మీద అందరి నోటా ఈ మాట వినిపిస్తుంది కానీ లెక్క కట్టే తీరు మనిషి మనిషికీ వేరు. ఒక ఉదాహరణ. ఒక్కోటి 20 గ్రాములున్న 1,000 పిల్లల్ని వేశారు, మొత్తం 20 కిలోలు. పట్టుబడిలో 800 చేపలు వచ్చాయి, సగటున 700 గ్రాములు, మొత్తం 560 కిలోలు. పెరిగిన బరువు 540 కిలోలు. వేసిన మేత 1,080 కిలోలైతే ఎఫ్‌సీఆర్‌ 2. రైతు జేబు లెక్కకు ఇది సరిపోతుంది. జాతి లెక్కకు చాలదు. పోయిన 200లో 100 మొదటి వారంలోనే పోయి, మిగతా 100 సగటున అర కిలో తూగాక చచ్చిపోయాయనుకోండి. ఆ 50 కిలోల కండ కూడా మేత తినే పెరిగింది. దాన్ని కలిపితే అంకె సుమారు 1.8కి దిగుతుంది. చచ్చిన చేపను గట్టు మీద పారేసి ఊరుకున్నచోట, మేతను చక్కగా వాడుకున్న కుటుంబం ఒక రోగం దెబ్బకు పనికిరానిదిగా రిజిస్టరులో నమోదైపోతుంది. ఇక దాన్ని ఎవరూ ఎంచరు. చచ్చిన ప్రతి చేపనూ తూచి, తేదీ, తొట్టి నంబరు, ట్యాగ్‌ ఉంటే ట్యాగ్‌ నంబరు రాయడం ఈ ఉద్యోగంలో చిన్న పని అనుకోకండి.

తూకం వేసేటప్పుడు కాటా రోజూ సున్నా మీద ఉందా చూడండి. తెలిసిన బరువు ఒకటి, ఒక కిలో రాయి చాలు, దగ్గర పెట్టుకుని పని మొదలుపెట్టే ముందు ఒకసారి వేసి చూడండి. శాంపిలింగ్‌కు ముందు రోజు మేత ఆపాలి, లేకుంటే పొట్టలోని మేత కూడా చేప బరువుగా పడుతుంది. విసురు వల వేసి పైకి తేలి తిరిగేవాటినే పడితే సగటు తప్పుతుంది, లాగుడు వలతో మూలలన్నీ కలిసేలా పట్టాలి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు, తొట్టెడు నీళ్లను ముందు తూచి సున్నా చేసి, చేపల్ని నీళ్లలోనే తూచాలి. అంకెను అక్కడికక్కడే రాయాలి. సాయంత్రం గుర్తు తెచ్చుకుని రాసిన అంకెలు గుండ్రంగా ఉంటాయి, 500, 550, 600 అంటూ. చదివేవారికి ఆ గుండ్రదనం వెంటనే కనబడుతుంది. పెన్సిల్‌తో రాసుకోండి, వాన తడికి సిరా కారిపోతుంది. తప్పు పడితే చెరపకుండా ఒక గీత కొట్టి పక్కన సరైన అంకె రాయండి.

దీవుల్లో వాన ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. ఎండాకాలపు మూడు నాలుగు నెలలు తీసేస్తే మిగతా కాలమంతా గాలిలో తేమే. మేత గోదాం ఈ లెక్కలకు పెద్ద శత్రువు. తడి పట్టిన మేత బరువు పెరుగుతుంది కాబట్టి ఎక్కువ వేసినట్టు కనిపిస్తుంది. బూజు పట్టిన మేతలో విషం చేరి చేప తిండి తగ్గిస్తుంది, కాలేయం పాడవుతుంది. బస్తాల్ని నేల మీద కాకుండా చెక్క బల్లల మీద, గోడకు జరిపి పెట్టించండి. ఓడ దిగిన తేదీ బస్తా మీద రాయించండి, ముందు వచ్చిన బస్తా ముందు వాడండి. పాడైన బస్తా కనబడితే పైవాళ్లకు చెప్పి పక్కన పెట్టించండి, రిజిస్టరులో ఆ మాట రాయండి. మాట పడాల్సి వస్తుందని జంకి మంచి బస్తాలతో కలిపి వేసేస్తే, ఆ తరం పరీక్ష మొత్తం చెడుతుంది. రోహు తల్లి చేప కావడానికి రెండేళ్లు పడుతుంది. ఒక తరం లెక్క పాడైతే పోయేది రెండేళ్ల కాలం.

ఇక తల్లి చేపల సంగతి. చిన్న హ్యాచరీల్లో ఏళ్ల తరబడి జరుగుతున్నదేమిటంటే, పెద్దవి బజారుకు అమ్మి, అమ్ముడుపోని చిన్నవాటిని తల్లి చేపలుగా ఉంచుకోవడం. ఇది ఎంపికే, కాకపోతే వెనక్కి నడిపే ఎంపిక. రెండోది తోబుట్టువుల్నే జతకట్టించడం. కర్ణాటకలోని 18 కార్ప్‌ హ్యాచరీలను ఎనభైలలో పరిశీలించిన అంబేకర్‌ ఏక్‌నాథ్‌, రోజర్‌ డోయిల్‌ అక్కడ ఏడాదికి 2 నుంచి 17 శాతం దాకా వేగంతో రక్తసంబంధం పెరుగుతోందని లెక్కకట్టారు. దీవి హ్యాచరీకి ఈ ప్రమాదం ఇంకా దగ్గర. బయటి నుంచి కొత్త చేప తేవడం ఖర్చు, శ్రమ కాబట్టి ఉన్నవాటితోనే ఏళ్లు గడిపేస్తారు.

దీని లెక్క మీరే కట్టుకోవచ్చు. పాలు ఇచ్చిన మగవాటి సంఖ్యను గుడ్లు ఇచ్చిన ఆడవాటి సంఖ్యతో గుణించండి, 4తో హెచ్చవేయండి, మొత్తం చేపల సంఖ్యతో భాగించండి. వచ్చిన అంకెను రెట్టింపు చేసి, 100ను దానితో భాగిస్తే ఒక తరంలో పెరిగే రక్తసంబంధం శాతంలో వస్తుంది. ఒకే మగ చేపతో 10 ఆడ చేపల గుడ్లు ఫలదీకరిస్తే సుమారు 14 శాతం. 5 మగ, 5 ఆడ అయితే 5 శాతం. 25 మగ, 25 ఆడ వాడితే 1 శాతం. మగ చేప పాలు చాలా గుడ్లకు సరిపోతాయి కదా అని ఒకటి రెండిటితో సరిపెట్టే అలవాటు ఎంత నష్టం తెస్తుందో ఈ అంకెల్లో ఉంది. రక్తసంబంధం పెరిగిన పిల్ల గిడసబారుతుంది, రోగానికి తట్టుకోదు, తిన్న మేత కండ పట్టదు. జయంతి లాంటి మేలు జాతిని తెచ్చి కూడా రెండు మూడు తరాలు ఇలా నడిపితే చేతిలో మిగిలేది పేరు మాత్రమే. పిల్ల కొనే రైతుగా మీరు హ్యాచరీవారిని అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే: ఈ సీజన్‌లో ఎన్ని మగ, ఎన్ని ఆడ వాడారు, వాటిని ఎప్పుడు, ఎక్కడి నుంచి తెచ్చారు?

నా మనసులో బలంగా ఉన్న ఇంకో మాట. మెయిన్‌ల్యాండ్‌లో మంచి గుళిక మేత మీద ముందు నిలిచిన కుటుంబం, దీవి చెరువులో కొబ్బరి చెక్క, తవుడు మీద కూడా ముందే నిలుస్తుందని ముందుగా అనుకోకూడదు. మేత మారితే కుటుంబాల వరుస మారవచ్చు. అండమాన్‌ నేలలు చాలాచోట్ల ఆమ్ల నేలలు, సున్నం వేయకపోతే చెరువు నీళ్లలో సహజ ఆహారమే సరిగా పుట్టదు. వేసవిలో వాన నీటి చెరువులు ఇంకిపోతాయి. 2004 సునామీ తర్వాత దక్షిణ అండమాన్‌లో నేల కుంగి, సిప్పీఘాట్‌ లాంటి చోట్ల వరిమళ్లలోకి ఉప్పునీరు వచ్చి నిలిచింది. ఇన్ని తేడాలున్న చోట, మేలు జాతిని ఇక్కడి నీళ్లలో, ఇక్కడ దొరికే మేతతోనే పరీక్షించి చూడాలి. ఓడలో వచ్చే గుళిక మేతను తగ్గించి కొబ్బరి చెక్కను బాగా వాడుకునే చేప దీవులకు దొరికితే అంతకు మించిన మేలు లేదు. మీకు సొంత చెరువు ఉంటే దీనికి చిన్న ఎత్తున తోడ్పడవచ్చు. ఒకే చెరువులో రెండు హాపాలు (వల గదులు) కట్టి, ఒకదాంట్లో మామూలు శీలావతి, ఇంకోదాంట్లో మేలు జాతి శీలావతి, ఒకే వయసు, ఒకే సైజు, ఒకే సంఖ్య వేసి, రోజూ తూచిన మేత వేస్తూ మూడు నెలలు లెక్క రాయండి. రెండు హాపాలతో తీర్పు చెప్పలేం, పది మంది రైతుల పుస్తకాలు కలిస్తే చెప్పవచ్చు.

చేయకూడనివి తక్కువే కానీ గట్టివి. మెయిన్‌ల్యాండ్‌ నుంచి పిల్లనో, తల్లి చేపనో మత్స్యశాఖ అనుమతి, ఆరోగ్య పరీక్ష లేకుండా సంచిలో పెట్టుకుని దీవికి తేవద్దు. ఆఫ్రికన్‌ మాగుర్‌ దేశమంతటా నిషేధం. తిలాపియా పెంపకానికి అనుమతి తప్పనిసరి. దీవుల వాగుల్లో ఉన్న జీవజాలం ఒకసారి పోతే మళ్లీ రాదు, పెంపుడు చేపను వాగులో వదలడం ఏ జాతి అయినా తప్పే. కోడియాఘాట్‌ లాంటి చోట రోగరహిత జాతుల మధ్య పనిచేసేటప్పుడు స్నానం, బట్టలు, కాళ్లు ముంచే తొట్టి నియమాలు విసుగనిపించినా పాటించాలి. సెలవు రోజు రొయ్యల చెరువు మీద తిరిగి మర్నాడు నేరుగా కేంద్రంలోకి వెళ్లకూడదు. ఇక గుర్తులు పెట్టే సంగతి: రొయ్య పొర విడుస్తుంది కాబట్టి పైన కట్టిన గుర్తు నిలవదు. అందుకే పిల్ల రొయ్యలకు చర్మం కింద రంగు గుర్తు ఎక్కిస్తారు, తల్లి రొయ్యల కంటి కాడకు నంబరున్న రింగు తొడుగుతారు. ఈ రెండూ చేతితో నేర్చుకునే పనులు, నేర్చినవారికి విలువ ఉంటుంది.

చదువు విషయానికొస్తే, నెల్లూరు జిల్లా ముత్తుకూరు మత్స్య కళాశాల నుంచి డిగ్రీ, ఫిషరీస్‌ పాలిటెక్నిక్‌ల నుంచి డిప్లొమా చేసినవారికి తలుపు తొందరగా తెరుచుకుంటుంది. కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ శిక్షణలు ఇస్తుంది, విజయవాడలో సిఫా ప్రాంతీయ కేంద్రం ఉంది. పోర్ట్‌బ్లెయిర్‌లోనే చదవాలనుకునే దీవి పిల్లలకు పాండిచ్చేరి విశ్వవిద్యాలయం సముద్ర జీవశాస్త్ర విభాగం ఉంది. బాపట్లలో పుట్టిన మోదడుగు విజయ్‌ గుప్తా, 2005లో ప్రపంచ ఆహార బహుమతి అందుకున్న మనిషి, చేపల జన్యు మెరుగుదల మీద దేశాల మధ్య నడిచిన ఇంగా అనే వేదికకు సమన్వయకర్తగా పనిచేశారు. పేద రైతుల చెరువుల దగ్గర చేసిన పని ఆయనను అంత దూరం తీసుకెళ్లింది. ఇంటర్‌తో ఆపేసినవారూ నిరాశపడక్కర్లేదు. పైన చెప్పిన తూకం, రిజిస్టరు, హాపా కట్టడంతో పాటు తల్లి చేపలకు ఇంజెక్షన్‌ చేయడం చేతికి వచ్చి, స్ప్రెడ్‌షీట్‌లో అంకెలు ఎక్కించడం నేర్చుకుంటే ఫీల్డ్‌ సహాయకుడి పనికి అది పనికొచ్చే అర్హతే.

ఇలాంటి ఉద్యోగాల్లో చాలా వరకు ప్రాజెక్టు కాలానికి ఇచ్చే కాంట్రాక్టువే. ఒప్పుకునే ముందు అడగాల్సినవి అడగండి. ప్రాజెక్టు ఎన్నాళ్లు? ఉండటానికి గది ఇస్తారా? ఏడాదికి ఒకసారి ఇంటికి ఓడ టికెట్టో, విమానం టికెట్టో ఇస్తారా? గుడ్లు పెట్టే సీజన్‌లో రాత్రి పనికి అదనపు కూలి ఉందా? మేత గోదాం తాళం ఎవరి దగ్గర ఉంటుంది? ఈ చివరి ప్రశ్నకు జవాబు తడబడుతూ వస్తే, మేత లెక్క మీ మీదికి రాకుండా రోజువారీ తూకం పుస్తకంలో పైఅధికారి సంతకం మొదటి రోజు నుంచే తీసుకోండి.